ఖాళీగా ఉంచకూడని పట్టీ

కిందటి వారం రాజమండ్రి ఆసుపత్రి నర్సు కృపారాణిని కంప్యూటరు తెర ముందు వదిలి వచ్చాం. ఒకే పేరు కింద రెండు గుండెలు కొట్టుకోవడం ఆమె చూసింది.

ఆ పేరు అబ్బులుది. కోనసీమలో కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపడం అతని పని. ఒకనాడు చెట్టు మొవ్వు దగ్గర కళ్లు తిరిగి, మట్ట పట్టుకుని అరగంట వేలాడాడు. తోటివాళ్లు తాళ్లు కట్టి దింపారు. ఊళ్లలో ఉన్న రోగుల గుండెను రాజమండ్రిలో కూర్చుని చూసేందుకు ఆసుపత్రివారు మొదలుపెట్టిన ప్రయోగంలో అతనికీ ఒక పట్టీ ఇచ్చారు. రొమ్ము చుట్టూ కట్టుకునే పట్టీ, దానికి అగ్గిపెట్టెంత డబ్బా. తీగ అంటూ లేకుండానే ఆ డబ్బా దగ్గరున్న సెల్‌ఫోనుకు, ఫోను ఆసుపత్రికి గుండె గీతను పంపుతాయి.

పోయిన మంగళవారం పొద్దున్న పదీ ఇరవైకి ఆ గీత లయ తప్పింది. నలభై నిమిషాలు అడ్డదిడ్డంగా పరిగెత్తి మళ్లీ కుదుటపడింది. చెట్టుమీద అతనికి కళ్లెందుకు తిరిగాయో తెలిసిందన్నారు డాక్టర్ శివరామకృష్ణ. అబ్బులు ఇక చెట్టెక్కకూడదని కాగితం రాసి పంపారు. ఈ గురువారం ఆసుపత్రిలో చేర్చుకుని మందు మొదలుపెట్టడానికి బెడ్డు ఉంచారు. ఆ నలభై నిమిషాల గుండె అబ్బులుది కాదేమో సార్ అంది కృపారాణి. ఆయన నవ్వలేదు, ఒప్పుకోనూ లేదు. "ఇంకా ఒక రోజుంది. వెళ్లి చూసి రా" అన్నారు.

*

బస్సు రావులపాలెం దాటేసరికి కృపారాణి అనుమానం అబ్బులును వదిలి తనమీదికి మళ్లింది.

అది ఆమెకు అలవాటే. ఏదైనా గట్టిగా అనుకున్న మరుక్షణం, అలా ఎందుకనుకున్నానని లోపలికి చూసుకుంటుంది. రాజమండ్రిలో ఆమెకు ఒక అద్దె గది ఉంది. ఆదివారం లూథరన్ చర్చిలో వెనక వరసలో కూర్చుని, ఆఖరి పాట పూర్తికాకుండానే లేచి వచ్చేస్తుంది. మిగిలిన రోజుల్లో ఇరవై మంది గుండెలు చూస్తుంది. వాళ్లలో చాలామంది ముఖాలు ఆమెకు తెలియవు. ఫలానా ఆమె మధ్యాహ్నం రెండింటికి కునుకు తీస్తుందని, ఫలానా ఆయన కోపం వస్తే పది నిమిషాల దాకా చల్లారడని మాత్రం తెలుసు. ఇంత తెలిసీ ఎవరితోనూ మాట్లాడని మనిషి, ఉన్నదానికంటే ఎక్కువ చూడటం మొదలుపెడుతుందా? రెండో గుండె నిజంగా ఆ గీతలో ఉందా? ఒక గుండె పక్కన ఇంకొకటి ఉండాలన్న కోరిక తనదేనా?

ఒళ్లోని కాగితాలు మళ్లీ తీసింది. అబ్బులు గీత నిటారుగా, ఎడమెడంగా ఉంటుంది. నిమిషానికి యాభై ఎనిమిది. ఒళ్లొంచి పనిచేసేవాళ్ల గుండె తొందరపడదు. మంగళ, శనివారాల పొద్దుట మాత్రం ఒక్క నిమిషం గీత ఆగిపోతుంది. మళ్లీ మొదలయ్యేసరికి పొట్టిగా, దగ్గర దగ్గరగా వస్తుంది. ప్రతి పొడుగు గీత ముందూ రావలసిన చిన్న మిట్ట, నడిమికి నొక్కినట్టు రెండుగా చీలి ఉంటుంది. మధ్యాహ్నం ఇంకో నిమిషం ఖాళీ. ఆ తరవాత మళ్లీ పాత అబ్బులు. అతను చెట్టెక్కడం మానేసిన రోజు నుంచి ఆ రెండో రకం గీత ఒక్కసారి కూడా రాలేదు.

"చెమటకి పట్టీ జారుంటుంది. జారితే గీత రూపు మారదా?" అన్నారు డాక్టరు. మారుతుంది. కాని ప్రతిసారీ ఒకే విధంగా జారుతుందా?

ఆమెను బస్సెక్కించింది మాత్రం ఆ మందే. లయ తప్పి పరిగెత్తే గుండెను పట్టి ఆపే మాత్ర, అసలే నెమ్మదిగా కొట్టుకునే గుండెను ఇంకా నెమ్మది చేస్తుంది. డాక్టరు పొరబడితే ఆ మాత్ర అక్కర్లేని మనిషి మింగుతాడు. కావలసిన మనిషి, తనకేమీ లేదనుకుంటూ, ఎక్కడో పని చేసుకుంటూ ఉంటుంది.

ఉంటుంది అనుకున్నానేమిటి, ఉంటాడు అనుకోకుండా? కృపారాణి కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

*

అంబాజీపేటలో దిగి ఆటో ఎక్కింది. కాలవగట్టు మీద ఆటో ఆగిన చోటు నుంచి చిన్న నీళ్ల బోదె దాటితే తోట. చెట్ల మధ్య కొబ్బరికాయల రాశులు పోసి ఉన్నాయి. నలుగురైదుగురు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు నేలలో పాతిన ఇనప మొనల మీద కాయల్ని పొడిచి తిప్పుతూ పీచు డొక్కలు ఒలుస్తున్నారు. మెడలో తువ్వాలు వేసుకున్న పెద్దాయన ఆమెను చూసి చెయ్యి ఆపాడు. అతని పేరు బుల్లియ్య. పట్టీ ఇవ్వడానికి మొదటిసారి వచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ ప్రశ్నలడిగిన మనిషి.

"ఒరేయ్ అబ్బులూ, నీ గుండెకాయ రాజమండ్రి నుంచి బస్సెక్కి వచ్చేసిందిరా" అని కేకేశాడు. తరవాత ఆమెతో, "రండి సిస్టరుగారండి. మాకూ ఒక కాగితం రాయించి పంపండి. చెట్టెక్కొద్దని అక్కర్లేదండి. నేనేమన్నా ఎదురు చెప్పొద్దని డాక్టరుగారు మా ఆవిడ పేరున రాస్తే చాలు."

"మీ ఆవిడ గుండె చూడాలండి ముందు," అంది కృపారాణి.

"చూడక్కర్లేదండి. నల్లరాయి అది."

ఆడవాళ్లు నవ్వారు. వాళ్లలో ఒకామె నవ్వలేదు. మొన మీద కాయ అలాగే ఉంచి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి ఊపిరి తీసుకుంటోంది. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. అబ్బులు భార్య మరిడమ్మ. కృపారాణి చూస్తోందని తెలియగానే చెయ్యి తీసేసి కాయను మొనకేసి గట్టిగా పొడిచింది.

అబ్బులు పాక నీడలోంచి లేచి వచ్చాడు. నున్నగా గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. రెండు నెలల కింద పట్టీ కట్టించుకున్న రోజున అతని కళ్ల కింద నల్లటి గుంటలుండేవి. ఇప్పుడు లేవు. గుండెజబ్బుందని చెప్పిన వారం రోజుల్లో మనిషి ఇంత తేరుకోవడం కృపారాణి ఎన్నడూ చూడలేదు.

"రేపు మేమే వచ్చేవాళ్లం కదండి. మీరెందుకొచ్చేరు ఇంత దూరం?"

"ఒక సంగతి అడుగుదామని. కూర్చోండి."

పాకలో డొక్కల మోపుల మీద కూర్చున్నారు. చొక్కా కిందనుంచి పట్టీ విప్పి ఇమ్మని అడిగింది. ఇచ్చాడు. డబ్బాను వెలుతురు కేసి తిప్పి చూసింది. ఆసుపత్రి అలమారాలోంచి తీసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

"పోయిన మంగళవారం పొద్దున్న మీరెక్కడున్నారు అబ్బులు గారూ?"

"ఇక్కడేనండి. ఈ తోటలోనే."

"చెట్టు మీదా, కిందా?"

"మంగళవారం దింపు కదండి. చెట్టు మీదే ఉంటాం."

"పట్టీతోనే ఎక్కారా?"

అతను జవాబిచ్చే ముందు చాలా కొద్దిసేపు ఆగాడు. తెర మీద అయితే ఆ ఎడాన్ని ఆమె కొలిచి ఉండేది.

"ఆయ్. పట్టీతోనేనండి."

"మీరు ఎక్కేటప్పుడు రొమ్ము మానుకి ఆనించే కదా పైకి పాకుతారు. ఆ రాపిడికి మీ రొమ్ము మీద చర్మం కాయలు కాసి ఉండటం చూశాను నేను, పట్టీ కట్టిన రోజున. రెండు నెలలుగా అలా రాసుకున్న డబ్బా మీద ఒక్క గీత లేదు."

"పట్టీకి గుడ్డ చుట్టేనండి."

"గుడ్డ చుడితే పట్టీ ఒంటికి అంటదు. గీతే రాదు."

అబ్బులు తల దించుకున్నాడు. కాలి బొటనవేలితో పీచు పోగొకటి లాగుతున్నాడు. అతను తనకు భయపడటం లేదని కృపారాణికి అర్థమైంది. దొరికిపోతానన్న జంకు కూడా కాదది. చేతికందిన వస్తువును ఎవరో వెనక్కి అడుగుతుంటే గుప్పిలి బిగించుకునే మనిషిలా ఉన్నాడు. జబ్బును అలా పట్టుకునేవాళ్లు ఉంటారా? ఉంటారు. చిన్నప్పుడు బడికి వెళ్లాల్సిన పొద్దుట తన నుదురు వెచ్చగా ఉందన్న మాట అమ్మ నోట వినాలని ఆమె ఎంత ఆశపడేది.

"జబ్బుందని ఫోన్లో చెప్పిన రోజున ఏమనిపించింది మీకు?" అని అడిగింది.

"ఏమనిపిత్తదండి. రాసి పెట్టుంది, వచ్చింది."

"ఆ రాత్రి నిద్ర పట్టిందా?"

"రెండేళ్ల తరవాత ఆ రాత్రే పట్టిందండి," అన్నాడు. అనేశాక తన మాట తనకే వినబడినట్టు బొటనవేలు ఆపేశాడు.

కృపారాణి తొందరపడలేదు. పట్టీని ఒళ్లో పెట్టుకుని, వీలైనంత మామూలు గొంతుతో చెప్పింది.

"అబ్బులు గారూ, ఆ మంగళవారం కొట్టుకున్నట్టు గుండె కొట్టుకుంటే లోపల నెత్తురు సాఫీగా సాగదు. ఒక మూల నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ కదిలి తలకెక్కితే మాట పోతుంది, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోతాయి. ఎప్పుడో ఎవరం చెప్పలేం. కాని ముందే తెలిసింది కాబట్టి ఆపొచ్చు. దానికి మందుంది, వైద్యం ఉంది. ఆ మనిషి ఇంకో నలభయ్యేళ్లు బతకొచ్చు. ఎవరిదో తెలిస్తే చాలు. మీదే అయితే రేపు రండి. మీది కాకపోతే, ఆ మనిషి ఈ పూట కూడా తెలియకుండానే పని చేసుకుంటూ ఉంటుంది."

అబ్బులు తలెత్తి పాక బయటికి చూశాడు. మరిడమ్మ కాయ తీసుకోవడానికి వంగి, లేవకుండా అలాగే రెండు ఊపిరులు తీసుకుని, అప్పుడు లేచింది. అతను ఎన్నో ఏళ్లుగా ఆమె అలా వంగి లేవడం చూసే ఉంటాడు. నిజంగా చూడటం మాత్రం ఇదే మొదటిసారి.

"ఆ రోజు పట్టీ మరిడి కట్టుకుందండి," అన్నాడు.

ఆ తరవాత ఆగకుండా చెప్పాడు. మొదటి దింపు రోజున పట్టీ విప్పి సైకిల్ హేండిల్‌కి తగిలించాడు. మానుకి రాసుకుని పాడైపోతుందని భయం. రెండు నిమిషాల్లో ఫోను కుయ్యి కుయ్యిమంది, కృపారాణే మాట్లాడి పట్టీ ఖాళీగా ఉంచకూడదని చెప్పింది.

"మా అమ్మ కాలం నుంచీ మా ఇంట్లో ఒక పద్ధతుందండి. చెట్టెక్కేవాడి ఒంటి మీది వస్తువు నేల మీద పెట్టం, కొమ్మకి తగిలించం. వాచీ గాని, తాయెత్తు గాని, వాడు దిగేదాకా ఇంటి ఆడమనిషి వేసుకుంటాది. దిగేక మళ్లీ ఇచ్చేత్తాది. మా నాన్న తాయెత్తు మా అమ్మ మెళ్లో అలాగే ఉండేది. పట్టీ కూడా అలాగే ఇచ్చేనండి, ఫోన్తో సహా. మిషను ఆగకుండా ఉంటే ఇన్నాళ్ల లెక్కా చెడిపోదు కదా అనుకున్నాం. మీరు మళ్లీ ఫోను చెయ్యలేదు. సరిపోయిందనుకున్నాం."

"మరి ఇందాక ఎందుకు చెప్పలేదు?"

అబ్బులు బయటి చెట్ల కేసి చూశాడు.

"మా అన్నయ్య పడిపోయేడండి. రెండేళ్లయ్యింది. నేను పక్క చెట్టు మీదున్నాను. వాడు మట్ట మీద చెయ్యేసేడు, అది పుచ్చిపోయుంది. నాకేసి చూసేడండి. అరవలేదు, చూసేడంతే. అప్పట్నించీ సగం మాను దాటితే చేతులు చల్లబడిపోతాయి, చెవుల్లో హోరు. ఆ రోజు వేలాడ్డం కూడా అంతే. బుల్లియ్య బాబాయికి యాభై దాటినియ్యి, ఇంకా కోతిలా ఎక్కుతున్నాడు. గుండె జబ్బంటే ఎవరూ ఏమనరండి. జాలి పడతారు. భయమని చెప్తే..." చొక్కా గుండీని తిప్పుతూ ఆగిపోయాడు. "మీరు ఫోను చేసి జబ్బన్నాక, గోడ వంక తిరిగి నవ్వేనండి నేను."

రెండు నెలల పాటు అతని గుండెను తాను రాత్రీ పగలూ చూసింది. దాన్ని అసలు చూడాల్సిన చోటు నలభై అడుగుల ఎత్తున ఉంది. అక్కడికి పట్టీ ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఈ మనిషికీ వైద్యం అక్కర్లేదని ఎవరనగలరు? కృపారాణి ఆ మాట పైకి అనలేదు. "మీ ఆవిడని పిలవండి" అంది.

*

మరిడమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. సంగతి విన్నది. భర్త ముఖం కేసి ఒకసారి చూసి, తడుముకోకుండా అంది.

"నేను కట్టుకోలేదండి."

అబ్బులు తెల్లబోయాడు. "అదేంటే?"

"నేనెందుకు కట్టుకుంటాను, రోగం నీకైతే. నీ మీదే ఉంది. నువ్వు ఎక్కేటప్పుడు నేను చూసేను." తరవాత కృపారాణితో, "ఆయన మాట పట్టించుకోకండి. రోగమొచ్చిన కాడ్నించీ మతి నిలవట్లేదండి ఆయనకి."

"మరిడీ."

"నువ్వూరుకో మావా."

అబద్ధం చెప్పడంలో ఇద్దరికీ ఎంత తేడా ఉందో అనుకుంది కృపారాణి. అతని అబద్ధానికి అడుగడుగునా చెమట పట్టింది. ఈమె అబద్ధం, ఉతికి ఆరేసిన చీరలా శుభ్రంగా ఉంది. ఎన్నాళ్లుగా సిద్ధం చేసి పెట్టుకుందో.

"అబ్బులు గారూ, దాహంగా ఉంది. ఒక బొండం కొట్టి తెస్తారా?"

అతను వెళ్లాడు. కృపారాణి పట్టీ చేతిలోకి తీసుకుని డబ్బా పక్కనున్న చిన్న బటను చూపించింది.

"ఇదెందుకో తెలుసా మరిడమ్మా? ఒంట్లో తేడాగా ఉన్నప్పుడు నొక్కమని చెప్పాం. నొక్కితే మా తెర మీద ఎర్ర గీత పడుతుంది. ఆ మంగళవారం పదీ ఇరవైకి ఎవరో నొక్కారు. ఒకసారి కాదు, రెండుసార్లు. చెట్టు మీదున్న మనిషికి ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో మట్ట. దేంతో నొక్కుతాడు?"

మరిడమ్మ బటను కేసి చూస్తూ ఉండిపోయింది. చివరికి కింద కూర్చుంది.

"రొమ్ములో పిట్ట చిక్కుకున్నట్టయ్యిందండి," అంది. "రెక్కలు కొట్టుకుంటంది, ఎటు ఎగరాలో తెలీక. అంతకు ముందు కూడా వచ్చేది గాని అంతసేపు ఉండేది కాదు. పక్కనోళ్లతో చెప్దామంటే పని తప్పించుకుంటన్నాననుకుంటారు. ఇది ఒంటి మీదుంది కదా, అవతల ఎవరో ఒకరు చూత్తుంటారు కదా అని నొక్కేను. ఎవరూ రారని తెలుసు. ఊరికే, ఎవరికో ఒకరికి చెప్పినట్టుంటాది కదాని. రెండోసారి నొక్కింది, మొదటిది తగిలిందో లేదో అని."

ఆ ఎర్ర గీత పడ్డప్పుడు కృపారాణి తెర ముందే ఉంది. టీ గ్లాసు పక్కన పెట్టి, కుర్చీ ముందుకు లాక్కుని, నలభై నిమిషాలు కదలకుండా కూర్చుంది. ఎవరిదో తెలియని ఆ గుండెకు తోడుగా కూర్చున్నానని ఆమెకు అప్పుడు తెలియదు. బస్సులో తనమీద తాను పెంచుకున్న అనుమానం ఏమైపోయిందో, ఇప్పుడు వెతికినా కనబడలేదు.

"తగిలింది," అంది. "మొదటిసారే తగిలింది. నేను చూశాను."

మరిడమ్మ తల ఊపింది. కళ్లు తుడుచుకోలేదు గాని రెప్పలు రెండు మూడుసార్లు ఆడించింది.

"ఆయనకి జబ్బని మీరు ఫోను చేసినప్పుడే తెలుసండి, అది నాదని. చెప్దామనే నోరు తెరిచేను. ఆయన గోడకేసి తిరిగేడు. ఏడుత్తన్నాడనుకున్నా. భుజాలు చూత్తే ఏడుపు కాదది. రెండేళ్లుగా నిద్దర్లో రెండు కాళ్లూ నా కాలికి మెలేసి బిగించేత్తాడు, జారిపోతున్నట్టు. ఆ రాత్రి మెలెయ్యలేదు. మంచం మీద మనిషి మంచం మీద పడుకున్నట్టు పడుకున్నాడు. ఇంక ఏం చెప్పనండి?"

"చెప్పకపోతే నీకేమవుతుందో..."

"విన్నాను. చెవులు ఇటే ఉన్నాయి నావి." చిన్నగా నవ్వింది. "కట్టండి. చూసుకోండి మీ గీత."

కృపారాణి ఆమె జాకెట్టు కింద పట్టీ బిగించి, కొక్కెం పెట్టి, ఫోనును పాక వాకిట్లో సిగ్నల్ అందే చోట పెట్టి వచ్చింది. ఫోను చిన్న తెర మీద గీత కదిలింది. పొట్టిగా, దగ్గర దగ్గరగా, ప్రతి పొడుగు గీత ముందూ రెండుగా చీలిన మిట్టతో. లయ ఇప్పుడు సరిగానే ఉంది. ఆమెకు ఆ గీతను చూస్తుంటే, ఎన్నాళ్లుగానో ఉత్తరాలు మాత్రమే వస్తున్న మనిషి ఎదురుగా వచ్చి కూర్చున్నట్టనిపించింది.

"ఇంక ఒక మాట," అంది మరిడమ్మ. "నేను మీతో రాజమండ్రి వత్తాను. మందులు మింగుతాను. కొయ్యాలంటే కొయ్యండి. కాని ఆయన కాగితం మార్చకండి. చెట్టెక్కొద్దని రాసింది అలాగే ఉంచుతామని మీరు మాటివ్వాలి. లేదంటే ఇది ఇప్పుడే విప్పేత్తాను. నాకేం లేదని వందమందిలో చెప్తాను."

ఆమె వేళ్లు కొక్కెం మీద ఉన్నాయి. బెదిరింపు కాదది. భర్తకు ఇవ్వడానికి ఆమె దగ్గర ఉన్నది ఇదొక్కటే. ఒక కాగితం, దాని మీద నాలుగు మాటలు. వాటి వల్ల ఒక మనిషి నిద్రపోతున్నాడు. గీతల్ని ఉన్నదున్నట్టు చదవడమే మూడేళ్లుగా కృపారాణి చేసిన పని. ఎవరి కోసమూ ఏమీ కల్పించలేదు. ఇప్పుడు మాటిస్తే లేని జబ్బుకు తానూ సాక్షి అవుతుంది. ఇవ్వకపోతే ఉన్న జబ్బు ఈ తోటలోనే ఉండిపోతుంది.

వాకిట్లో అలికిడైంది. అబ్బులు బొండం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో ఇద్దరూ చూడలేదు. బొండంలో నీళ్లు కొంచెం కొంచెంగా ఒలికి అతని ఇస్త్రీ చొక్కా తడుస్తోంది.

"ఎప్పట్నించి తెలుసే నీకు?" అన్నాడు.

"మీ అన్నయ్య దినాలయ్యేక నువ్వు మొదటిసారి చెట్టెక్కినప్పట్నించి."

అతను బొండం నేల మీద పెట్టాడు.

అప్పుడే ఫోను మోగింది. కృపారాణి వెళ్లి తీసింది. అవతల డాక్టర్ శివరామకృష్ణ.

"కృపా, గీత చూస్తున్నాను. ఇది పొద్దుటి అబ్బులు కాదే. ఆ చీలిన మిట్ట మళ్లీ వచ్చింది. ఇప్పుడు పట్టీ ఎవరి ఒంటి మీదుంది?"

మరిడమ్మ కదలకుండా ఆమెనే చూస్తోంది. కృపారాణి నోరు తెరిచింది. ఏం చెప్పబోతోందో ఆమెకే తెలియదు. ఆ లోపల అబ్బులు చెయ్యి చాపి, గౌరవంగానే, ఆమె చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"డాక్టరుగారండి, నేనండి, అబ్బుల్ని," అన్నాడు. కావలసినదానికంటే గట్టిగా అన్నాడు. "పట్టీ మా ఆవిడ ఒంటి మీదుందండి. ఆ మంగళవారం కూడా ఆవిడ మీదే ఉంది. నా గుండెకేం లేదండి. నాకు చెట్టంటే భయమండి."

బయట కాయలు ఒలుస్తున్న చప్పుడు ఒక్కొక్కటిగా ఆగింది. ఎవరో నవ్వబోయారు. "నోరుముయ్యండ్రా" అన్న బుల్లియ్య గొంతు, ఇందాక హాస్యమాడిన గొంతులా లేదు.

అబ్బులు వీపు మీద చొక్కా చెమటకు అంటుకుపోయింది. అయినా ఫోను దించలేదు. అవతల డాక్టరు చాలాసేపు మాట్లాడుతున్నారు. "ఆయ్," అంటున్నాడు. "ఆయ్. భయానిక్కూడా వైద్యముందా అండి? అలాగేనండి, నేనూ వత్తాను." అతని ముఖంలో మొదట ఆశ్చర్యం, తరవాత నమ్మకం లాంటిదేదో కదిలింది. మళ్లీ వింటున్నాడు. ఈసారి కనుబొమలు ముడిపడ్డాయి. ఫోను గుండెకు ఆనించుకుని భార్య వైపు తిరిగాడు.

"మరిడీ, ఆ మిట్టలు చూత్తే అనుమానంగా ఉందంట. చిన్నప్పుడు నీకు కీళ్లు వాచి, నెలల తరబడి జ్వరం కాసిందా అని అడగమంటన్నారు. అలాంటిదేం లేదని చెప్పెయ్యనా?"

మరిడమ్మ వేళ్లు కొక్కెం మీంచి జారిపోయాయి. ఇందాకట్నించి ఒక్కసారి కూడా తడబడని మనిషి, కూర్చున్న చోటే పక్కకు చెయ్యి ఆనించుకుంది.

"ఆయనకెవరు చెప్పేరది?" అంది. "ఎవరికీ చెప్పొద్దని పెళ్లికి ముందు మా నాన్న నాచేత ఒట్టేయించుకున్న సంగతది."